మూర్తిమత్వ రుగ్మతలు – మానసిక ఆరోగ్య సేవల రూపకల్పన: ఇంగ్లండ్ 2003 విధానపత్రంపై విమర్శనాత్మక పరిశీలన

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు కింది పనులు చేయగలుగుతారు:
• మూర్తిమత్వ రుగ్మత ఉన్నవారు మానసిక ఆరోగ్య సేవలకు ఎందుకు దూరమయ్యారో వివరించగలుగుతారు.
• 2003లో ఇంగ్లండ్‌లో వెలువడిన విధానపత్రం సాధించినదేమిటో, సాధించలేకపోయినదేమిటో అంచనా వేయగలుగుతారు.
• ఒక సేవ బాగుందా, లేదా అని నిర్ణయించడానికి తగిన ప్రమాణాలను ఉపయోగించగలుగుతారు.

1. పరిచయం

మూర్తిమత్వ రుగ్మత అంటే ఒక వ్యక్తి తనను తాను చూసుకొనే తీరులోను, ఇతరులతో మెలిగే తీరులోను ఏళ్ళ తరబడి కొనసాగే ఇబ్బందికరమైన ధోరణి. అది ఆ వ్యక్తిని బాధిస్తుంది, చుట్టూ ఉన్నవారినీ బాధిస్తుంది. దీనికి వంశపారంపర్య కారణాలతోపాటు బాల్యంలో ఎదురైన హింస, నిరాదరణ, ఆత్మీయులను కోల్పోవడం వంటి అనుభవాలు కూడా తోడవుతాయి. ఈ భాగంలో మనం ప్రధానంగా బోర్డర్‌లైన్ మూర్తిమత్వ రుగ్మతను దృష్టిలో ఉంచుకొని చర్చిస్తాం. సేవల రూపకల్పనపై ఎక్కువ పరిశోధన జరిగింది దీనిమీదే. ఒక్క క్షణంలో ఉవ్వెత్తున లేచే భావోద్వేగాలు, తనను వదిలేస్తారన్న భయం, తనకు తాను హాని చేసుకోవడం ఈ రుగ్మతలో తరచుగా కనిపిస్తాయి.

ముందుగా ఒక ఊహాత్మక సందర్భాన్ని తీసుకుందాం. లండన్‌లో నివసించే ఇరవై నాలుగేళ్ళ యువతి రాత్రి పదకొండు గంటలకు చేతికి గాయంతో ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చింది. ఆ నెలలో ఆమె రావడం ఇది మూడోసారి. నర్సు ఫైలు తెరిచి, అందులో రాసి ఉన్న రోగనిర్ధారణ చూసి, పక్కవారితో "మళ్ళీ ఆవిడే" అంది. గాయానికి కుట్లు పడ్డాయి. తెల్లవారుజామున ఆమెను ఇంటికి పంపేశారు. ఎందుకిలా చేసుకున్నావని మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ సందర్భంలో వైద్యం అందిందా? గాయానికి అందింది, మనిషికి అందలేదు. ఈ తేడాను గుర్తుపెట్టుకొని ముందుకు సాగండి. మనం పరిశీలించబోయే విధానపత్రాన్ని కూడా చివరికి ఈ రాత్రి సన్నివేశంతోనే కొలవాలి.

2. నేపథ్యం: నచ్చని రోగులు

1988లో గ్లిన్ లూయిస్, లూయీ ఆపిల్‌బీ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. మూర్తిమత్వ రుగ్మత ఉన్నవారు మనోవైద్యులకు నచ్చని రోగులని దాని శీర్షికే చెబుతుంది. పరిశోధకులు మనోవైద్యులకు ఒక రోగి వివరాలు ఇచ్చి అభిప్రాయాలు అడిగారు. కొందరికి ఇచ్చిన వివరాల్లో మాత్రం, గతంలో ఆ రోగికి మూర్తిమత్వ రుగ్మత ఉన్నట్లు నిర్ధారించారన్న ఒక్క వాక్యాన్ని చేర్చారు. మిగతా కథనం మారలేదు. ఆ వాక్యం చదివిన వైద్యులు రోగిని విసిగించే మనిషిగా, ఇతరుల దృష్టిని ఆకర్షించడానికి ప్రయత్నించే మనిషిగా, సానుభూతికి అంతగా అర్హత లేని మనిషిగా అంచనా వేశారు.

ఈ ఫలితంలోని అంతరార్థాన్ని గమనించండి. సాధారణంగా రోగనిర్ధారణ జరిగితే చికిత్సకు దారి తెరుచుకుంటుంది. ఇక్కడ అదే నిర్ధారణ దారిని మూసేసింది.

చట్టం కూడా ఈ ధోరణికి ఊతమిచ్చింది. 1983 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, అప్పట్లో సైకోపతిక్ రుగ్మత అని పిలిచిన స్థితి ఉన్న వ్యక్తిని చికిత్స కోసం నిర్బంధంగా ఆసుపత్రిలో ఉంచాలంటే, ఆ చికిత్సవల్ల అతని స్థితి మెరుగుపడే అవకాశమైనా, మరింత దిగజారకుండా ఆగే అవకాశమైనా ఉండాలి. దీన్ని చికిత్సార్హత నిబంధన అనేవారు. నిర్బంధ చికిత్సకు హద్దు గీయడానికి పెట్టిన ఈ నిబంధన, ఆచరణలో 'వీరికి చికిత్స పనిచేయదు' అన్న అభిప్రాయాన్ని బలపరిచింది. 2007 చట్ట సవరణతో ఈ నిబంధన రద్దయింది.

3. విధానపత్రం ఏమి చెప్పింది?

2003 జనవరిలో ఇంగ్లండ్ జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఒక విధానపత్రాన్ని విడుదల చేసింది. 'మూర్తిమత్వ రుగ్మత: ఇకపై వెలివేసే నిర్ధారణ కాదు' అన్నది దాని శీర్షిక భావం. సేవల నుంచి ఒక వర్గాన్ని వెలివేస్తున్నామని ప్రభుత్వ యంత్రాంగమే శీర్షికలో ఒప్పుకోవడం అరుదైన విషయం.

పత్రం తయారీలో భాగంగా జరిపిన సర్వేలో, మానసిక ఆరోగ్య సేవలు అందించే ట్రస్టులలో కేవలం 17 శాతం సంస్థలకే ఈ రుగ్మతలకు ప్రత్యేక సేవ ఉందని తేలింది. నాలుగో వంతుకు పైగా సంస్థల్లో గుర్తించదగిన సేవ అంటూ ఏదీ లేదు. పత్రం చేసిన వాదనను మూడు అంశాలుగా కుదించవచ్చు.

(అ) మూర్తిమత్వ రుగ్మతకు చికిత్స ఉంది. అందువల్ల వీరికి సేవలందించడం మానసిక ఆరోగ్య వ్యవస్థ బాధ్యతలో భాగం.
(ఆ) సాధారణ మానసిక ఆరోగ్య సేవలకు తోడుగా ప్రత్యేక నిపుణుల బృందాలను ఏర్పాటు చేయాలి.
(ఇ) వైద్యులు, నర్సులు, సామాజిక కార్యకర్తలు మొదలైన సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి.

దీని తరవాత ప్రభుత్వ నిధులతో 11 ప్రయోగాత్మక సామాజిక సేవాకేంద్రాలు ప్రారంభమయ్యాయి. వాటిలో కొన్ని చికిత్సా సముదాయాలుగా, కొన్ని బహిరోగి సేవలుగా, మరికొన్ని సేవార్థుల పరస్పర సహాయ బృందాలుగా పనిచేశాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1988 నాటి అధ్యయనంలో పరిశోధకులు మార్చినదేమిటి? దానివల్ల వైద్యుల అభిప్రాయాల్లో వచ్చిన తేడా ఏమిటి? ఐదు వాక్యాల్లో రాయండి.

4. విధానపత్రం బలాలు

విమర్శ అంటే తప్పులు వెతకడం మాత్రమే కాదు. ముందు బలాలను న్యాయంగా గుర్తించాలి.

మొదటిది, ఈ పత్రం నిరాశావాదాన్ని సూటిగా ఎదుర్కొంది. అప్పటికే దానికి ఆధారాలున్నాయి. మార్షా లినహాన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ స్వీయహానిని తగ్గిస్తుందని 1991లో ప్రచురితమైన పరీక్షలో తేలింది. ఆంథొనీ బేట్‌మన్, పీటర్ ఫొనగీ లండన్‌లో మెంటలైజేషన్ ఆధారిత చికిత్సపై జరిపిన పరీక్ష ఫలితాలు 1999లో వచ్చాయి. మెంటలైజేషన్ అంటే తన మనసులోను, ఎదుటివారి మనసులోను ఏమి జరుగుతున్నదో ఆగి ఆలోచించగల సామర్థ్యం. ఎనిమిదేళ్ళ తరవాత చూసినా ఆ చికిత్స పొందినవారి స్థితి మెరుగ్గానే ఉందని అదే పరిశోధకులు 2008లో తెలిపారు.

రెండోది, పత్రం సిబ్బంది వైఖరిని విధాన సమస్యగా గుర్తించింది. 'మంచి నర్సు దొరకడం రోగి అదృష్టం' అని సరిపెట్టకుండా, వైఖరిని శిక్షణతో మార్చవచ్చని చెప్పింది.

మూడోది, సేవలు నిజంగా పెరిగాయి. 2015లో జరిపిన సర్వే ప్రకారం 84 శాతం సంస్థలకు కనీసం ఒక ప్రత్యేక సేవ ఉంది. అంటే సుమారు ఐదు రెట్లు పెరుగుదల. ఒక విధానపత్రం వెలువడిన పన్నెండేళ్ళలో ఇంత మార్పు రావడం చిన్న విషయం కాదు.

5. విధానపత్రం పరిమితులు

5.1 లెక్కకు, అందుబాటుకు మధ్య దూరం

అదే 2015 సర్వేలో మరో అంకె ఉంది. ప్రత్యేక సేవ ఉన్న సంస్థల్లో కూడా, తమ పరిధిలోని సేవార్థులందరికీ అది సమానంగా అందుతున్నదని చెప్పగలిగినవి 55 శాతం మాత్రమే. బోర్డు ఉంది, తలుపూ ఉంది. ఏ వీధిలో ఉన్నావన్న దాన్ని బట్టి అది తెరుచుకుంటుంది, లేదా తెరుచుకోదు.

ఈ పరిస్థితికి విధానపత్రం తర్కంలోనే ఒక కారణం ఉంది. వెలివేతను అది ప్రధానంగా 'సేవ లేకపోవడం'గా చూసింది. కనుక పరిష్కారం 'సేవ పెట్టడం' అయింది. కాని వెలివేత జరిగేది ఎక్కడ? అత్యవసర విభాగంలో, కుటుంబ వైద్యుని గదిలో, ఒక బృందం నుంచి మరో బృందానికి పంపే ఉత్తరంలో. ప్రత్యేక కేంద్రం వచ్చాక సాధారణ సేవల సిబ్బందికి ఒక కొత్త సాకు కూడా దొరికే ప్రమాదం ఉంది: 'ఇది మా పని కాదు, వారి పని.' ప్రత్యేక కేంద్రమేమో 'ఈమె స్థితి ఇంకా అంత తీవ్రంగా లేదు' అనో, 'మా వల్ల కానంత తీవ్రంగా ఉంది' అనో అనవచ్చు. రెండు తలుపుల మధ్య మనిషి నడవాలోనే మిగిలిపోతుంది.

5.2 ఒంటరి దీవులు నిలవవు

సర్రీ ప్రాంతంలోని హెండర్సన్ ఆసుపత్రి చరిత్ర ఇక్కడ పాఠం చెబుతుంది. 1947లో మాక్స్‌వెల్ జోన్స్ నాయకత్వంలో మొదలైన విభాగం నుంచి అది పుట్టింది. చికిత్సా సముదాయాలకు ప్రపంచమంతటా ఉదాహరణగా నిలిచింది. అక్కడ నివాసులు స్వచ్ఛందంగా చేరేవారు. కొత్తవారిని చేర్చుకోవడం నుంచి నియమాలు ఉల్లంఘించినవారి విషయం దాకా, నిర్ణయాల్లో సిబ్బందితోపాటు నివాసులకూ ఓటు ఉండేది.

ఇంత పేరున్న సంస్థ 2008లో మూతపడింది. జాతీయ స్థాయి నిధుల ఏర్పాటు పోయి, ఒక్కో రోగి ఖర్చును స్థానిక సంస్థలు భరించాల్సిన పద్ధతి వచ్చాక, అక్కడికి పంపే రోగుల సంఖ్య పడిపోయింది. వెలివేత ఇకపై ఉండదని ప్రకటించిన ఐదేళ్ళకే, ఆ ప్రకటన ఎవరికోసమో వారికి దశాబ్దాలుగా ఆశ్రయమిచ్చిన సంస్థ పోయింది. సేవ ఎంత గొప్పదైనా, దానికి నిధులు వచ్చే మార్గం, రోగులు వచ్చే మార్గం స్థిరంగా లేకపోతే నిలవదని దీనివల్ల తెలుస్తుంది.

5.3 సంక్షోభ సమయం

విధానపత్రం తరవాత వెలువడిన ఒక పరిణామం ఇంకా తీవ్రమైనది. సీరెనిటీ ఇంటిగ్రేటెడ్ మెంటరింగ్ అనే పద్ధతిలో, అత్యవసర సేవలను పదే పదే ఆశ్రయించేవారి సంరక్షణ బృందంలో పోలీసు అధికారిని చేర్చారు. ఇలా ఎంపికైనవారిలో చాలామందికి మూర్తిమత్వ రుగ్మత నిర్ధారణ ఉంది. పోలీసు, అంబులెన్సు పిలుపులు తగ్గించడం, ఖర్చు ఆదా చేయడం దీని ఘనతగా చెప్పుకున్నారు. 2018 నుంచి ఇది ఇంగ్లండ్‌లో పలుచోట్లకు వ్యాపించింది. సహాయం కోరడమే నేరంలా మారుతున్నదని, చికిత్సను నిరాకరించే అవకాశం ఉందని 2021లో సేవార్థులు కూటమిగా ఏర్పడి ఉద్యమించారు. చికిత్సలో పోలీసుల పాత్ర, సంరక్షణను నిరాకరించే ఆంక్షలు, వివక్షతో కూడిన పద్ధతులు ఉండరాదని జాతీయ ఆరోగ్య సేవ ఉన్నతాధికారులు 2023లో ట్రస్టులకు స్పష్టం చేశారు.

దీన్ని చదువుతున్నప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి. ఆ పద్ధతిని ఎవరి కొలబద్దతో విజయమన్నారు? పిలుపులు తగ్గడం వ్యవస్థకు ఉపశమనం. పిలవడం మానేసిన మనిషి కోలుకుందా, ఆశ వదులుకుందా అన్నది ఆ అంకె చెప్పదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
'సేవల సంఖ్య పెరిగితే వెలివేత తగ్గుతుంది.' ఈ వాక్యంతో మీరు ఏకీభవిస్తారా? 84 శాతం, 55 శాతం అన్న రెండు అంకెలను ఉపయోగించి మీ సమాధానం రాయండి.

6. పరిశోధన నేర్పేదేమిటి?

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. నిపుణుల చికిత్సలు ఖరీదైనవి, సంవత్సరాల శిక్షణ అవసరమైనవి. అవి అందరికీ ఎలా అందుతాయి? ఈ అభ్యంతరం సహేతుకమైనదే. దీనికి రెండు పరీక్షల ఫలితాలు సమాధానమిస్తాయి.

కెనడాలోని టొరంటోలో షెల్లీ మెక్‌మేన్ బృందం 180 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలను 2009లో ప్రచురించింది. సగం మందికి డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, మిగతావారికి చక్కగా క్రమబద్ధం చేసిన సాధారణ మనోవైద్య సంరక్షణ ఏడాదిపాటు అందించారు. రెండు వర్గాలూ గణనీయంగా మెరుగుపడ్డాయి. వాటి మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అదే ఏడాది బేట్‌మన్, ఫొనగీ 134 మందిపై జరిపిన పరీక్షలో మెంటలైజేషన్ చికిత్స మెరుగైన ఫలితాలిచ్చింది. అయితే దానితో పోల్చడానికి వాడిన క్రమబద్ధ సంరక్షణ పొందినవారు కూడా బాగానే కోలుకున్నారు.

కాబట్టి చికిత్స పేరుకంటే దాని నిర్మాణానికి ఎక్కువ ప్రాధాన్యం ఉందని చెప్పవచ్చు. ఫలితమిచ్చిన సేవలన్నింటిలో కొన్ని ఉమ్మడి లక్షణాలు కనిపిస్తాయి. ఒకే అవగాహనతో పనిచేసే బృందం ఉంటుంది. ఎప్పుడు, ఎవరిని, ఎంతకాలం కలుస్తారో సేవార్థికి ముందే తెలుస్తుంది. సంక్షోభం వస్తే ఏం చేయాలో ఇద్దరూ కలిసి రాసుకున్న ప్రణాళిక ఉంటుంది. సిబ్బందికి క్రమం తప్పని పర్యవేక్షణ ఉంటుంది. పర్యవేక్షణ అంటే తనిఖీ అని పొరబడకండి. కష్టమైన భావాలను మోస్తున్న ఉద్యోగి, తన పనిగురించి అనుభవజ్ఞులతో మనసువిప్పి మాట్లాడుకొనే ఏర్పాటు అది. అది లేని చోట అలసట కోపంగా మారుతుంది, కోపం 'మళ్ళీ ఆవిడే' అన్న మాటగా బయటికి వస్తుంది.

మందుల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఇంగ్లండ్ జాతీయ వైద్య మార్గదర్శక సంస్థ నైస్, బోర్డర్‌లైన్ రుగ్మతకు ప్రత్యేకించి మందులు వాడరాదని 2009లో సూచించింది. లామోట్రిజిన్ అనే మందుపై 276 మందితో ఏడాదిపాటు జరిపిన పరీక్షలో, ఉత్తుత్తి మాత్రకంటే అది మెరుగు కాదని 2018లో తేలింది. తోడుగా ఉన్న కుంగుబాటు వంటి ఇతర రుగ్మతలకు మందులు అవసరం కావచ్చు. అది వేరే విషయం.

చివరగా, కోలుకోవడం అంటే ఏమిటి? అమెరికాలో మేరీ జనరీనీ బృందం 290 మందిని ఏళ్ళ తరబడి గమనించింది. పదేళ్ళలో 93 శాతం మందికి లక్షణాలు కనీసం రెండేళ్ళపాటు తగ్గి ఉన్నాయి. ఇది గొప్ప ఆశ కలిగించే అంకె. అయితే లక్షణాలు తగ్గడంతోపాటు చదువు లేదా ఉద్యోగంలోను, అనుబంధాల్లోను నిలదొక్కుకున్నవారు సుమారు సగం మందే. స్వీయహాని ఆగిపోగానే సేవ ఆగిపోతే, మిగతా సగం బతుకు ఎవరి బాధ్యత? ఉపాధి, నివాసం, స్నేహం కూడా సేవల రూపకల్పనలో భాగం కావాలి.

7. సేవను అంచనా వేయడానికి ఐదు ప్రశ్నలు

పై చర్చ ఆధారంగా, ఏ సేవనైనా అంచనా వేయడానికి మీరు ఈ ప్రశ్నలు వేయవచ్చు.

1. ప్రవేశం: మొదటిసారి వచ్చిన వ్యక్తితో ఎవరు, ఎలా మాట్లాడతారు? రోగనిర్ధారణ పేరు చూసి ఆమెను వెనక్కి పంపుతారా?
2. నిరీక్షణ: పేరు నమోదైన రోజుకూ, చికిత్స మొదలయ్యే రోజుకూ మధ్య ఎవరైనా ఆమెను పలకరిస్తారా?
3. సంక్షోభం: అర్ధరాత్రి వచ్చిన కష్టానికి ముందే అనుకున్న సమాధానం ఉందా? ఆ సమాధానం తయారుచేయడంలో ఆమెకు భాగం ఉందా?
4. సిబ్బంది: పనిచేసేవారి మనసును ఎవరు చూసుకుంటున్నారు?
5. ముగింపు: సేవ ముగుస్తున్నదని ఎంత ముందుగా చెబుతారు? వదిలేస్తారన్న భయమే రుగ్మతలో ప్రధాన భాగమైనప్పుడు, హఠాత్తుగా చేసే ముగింపు చికిత్సను తుడిచివేయగలదు.

2003 విధానపత్రాన్ని ఈ ప్రశ్నలతో కొలిస్తే, నాలుగోదానికి శిక్షణ రూపంలో కొంత సమాధానం ఇచ్చింది. మొదటిదానికి ఆశయాన్ని ప్రకటించింది. మిగిలిన మూడింటిని ఎక్కువగా స్థానిక సంస్థల విచక్షణకు వదిలింది. ఏ తలుపు దగ్గర వెలివేత జరుగుతున్నదో, ఆ తలుపును కొలిచే పద్ధతిని అది ఇవ్వలేదు. ఇదే దాని ప్రధాన లోపం.

8. మన సందర్భంలో

ఇంగ్లండ్‌లోని వ్యవస్థను ఉన్నదున్నట్లు ఇక్కడికి తేవడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. 1982లో మొదలైన మన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996 నుంచి అమలవుతున్న జిల్లా కార్యక్రమం వేరే పునాదుల మీద నిలిచాయి. అయినా మీలో కొందరు రేపు ఆరోగ్య కార్యకర్తలుగా, ఉపాధ్యాయులుగా, పోలీసు ఉద్యోగులుగా, సలహాదారులుగా పనిచేస్తారు. కొందరు ఇప్పటికే చేస్తున్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగానే భావించాలని, ఆ వ్యక్తికి సంరక్షణ అందించడం ప్రభుత్వ బాధ్యత అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ విభాగం చెబుతుంది. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ 14416 నంబరు తెలుగులో కూడా అందుబాటులో ఉంది. చట్టం ఉంది, నంబరూ ఉంది. 'అంతా నటన', 'బెదిరించడానికే ఇలా చేస్తుంది' అన్న మాటలు వినబడే గదిలో ఆ రెండూ పనిచేయాలంటే, అక్కడ ఉన్న మనిషి సిద్ధంగా ఉండాలి. ఆ మనిషి మీరే కావచ్చు.

మొదట చెప్పుకున్న యువతి దగ్గరికి మళ్ళీ వెళదాం. ఆ రాత్రి ఆమెకు కావలసింది కొత్త భవనం కాదు. కుట్లు వేస్తున్న నర్సు పక్కన కూర్చొని "ఈ రోజు ఏమైందమ్మా?" అని అడగడం, రేపు ఎవరు ఫోను చేస్తారో చెప్పడం, చెప్పినట్లు చేయడం. ఆ నర్సు అలా అడగగలిగేలా, అడిగాక ఒంటరిగా మిగిలిపోకుండా చూడడమే సేవల రూపకల్పన.

9. సారాంశం

మూర్తిమత్వ రుగ్మత నిర్ధారణ చాలాకాలం సేవల నుంచి మనుషులను వెలివేసింది. 2003 విధానపత్రం ఈ అన్యాయాన్ని ఒప్పుకొని, ప్రత్యేక సేవలు, శిక్షణ పరిష్కారాలుగా సూచించింది. సేవల సంఖ్య ఐదు రెట్లు పెరిగినా, సమానంగా అందలేదు. చికిత్స పేరుకంటే క్రమబద్ధత, ఒకే అవగాహన గల బృందం, సిబ్బందికి మద్దతు ముఖ్యమని పరిశోధన చూపుతున్నది. కాబట్టి సేవను ఎన్ని కేంద్రాలున్నాయన్న లెక్కతో కాక, ప్రవేశం, నిరీక్షణ, సంక్షోభం, సిబ్బంది, ముగింపు అన్న ఐదు చోట్ల ఏమి జరుగుతున్నదన్న దానితో అంచనా వేయాలి.

10. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఇంగ్లండ్ 2003 విధానపత్రం బలాలను, పరిమితులను విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. మూర్తిమత్వ రుగ్మతలకు ఫలితమిచ్చే సేవల ఉమ్మడి లక్షణాలను పరిశోధనల ఆధారంగా వివరించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. హెండర్సన్ ఆసుపత్రి మూతపడడం నుంచి నేర్చుకోవలసిన పాఠం ఏమిటి?
2. అత్యవసర పిలుపులు తగ్గడాన్ని సేవ విజయానికి కొలమానంగా తీసుకోవచ్చా? చర్చించండి.
3. మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి స్వీయహాని చేసుకున్న వ్యక్తి వస్తే, ఐదు ప్రశ్నల ఆధారంగా అక్కడి ఏర్పాట్లను ఎలా అంచనా వేస్తారు?